ఆవిరి అడిగిన మనిషి

ఆయన్ని అందరూ గడ్డ బాబాయి అంటారు. గడ్డం పెంచినందుకు కాదు, రోజూ పొద్దున్నే నున్నగా గీసుకునే మనిషి. కరిగించిన గంధకాన్ని ట్యాంకరులో తీసుకెళ్ళే డ్రైవరు ఆయన. చాలా ఏళ్ళ కిందట ఒకసారి ఆయన తీసుకెళ్ళిన సరుకంతా ట్యాంకరులోనే గడ్డకట్టుకుపోయింది. తోటి డ్రైవర్లు ఊరుకుంటారా? ఆ పూటే నామకరణం చేసేశారు. ఆ తర్వాత ఎన్ని వందల లోడ్లు చెక్కుచెదరకుండా దించినా పేరు మాత్రం మారలేదు. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవర్నో పిలుస్తున్నారనుకుంటాడు.

ఆ సరుకు సంగతి కాస్త చెప్పాలి. ముడిచమురులో గంధకం ఉంటుంది. అది తీసేస్తే తప్ప డీజిలూ పెట్రోలూ అమ్మనివ్వరు. తీసినదాన్ని శుద్ధి కర్మాగారం వాళ్ళు పారెయ్యరు, అమ్ముకుంటారు. బయటికొచ్చేటప్పుడు అది తేనె రంగులో, సలసలా కాగుతూ, నీళ్ళలా పారుతూ ఉంటుంది. దూరదేశాలకు పోయే సరుకును చల్లార్చి, పసుపుపచ్చటి గింజలుగా చేసి ఓడలకెత్తుతారు. దగ్గర్లోని యాసిడ్ ఫ్యాక్టరీలకు మాత్రం వేడివేడిగానే పంపిస్తారు. ఎటూ దాన్ని కరిగించి మండించాల్సిందే కదా, మళ్ళీ కరిగించే ఖర్చు కొన్నవాడికి ఎందుకు? గడ్డ బాబాయి వాళ్ళ ఓనరు బతుకంతా ఈ చిన్న తేడా మీదే నడిచింది. ఇక్కడ కొనడం, చల్లారేలోగా అక్కడ అమ్మడం. ఎక్కడో పరాయి రేవులో ఓడలు ఆగిపోతే ఇక్కడ గంధకం ధర లేచేది, ఓనరు గొంతు కూడా లేచేది.

డ్రైవరు చెయ్యాల్సింది ఒక్కటే, దారిలో ఆలస్యం చెయ్యకపోవడం. ట్యాంకు చుట్టూ దళసరిగా గాజుదూది కప్పి, పైన రేకు తొడుగు వేస్తారు. అయినా వేడి మెల్లగా జారుకుంటూనే ఉంటుంది. మొదట కింద గొట్టం దగ్గర బిగుసుకుంటుంది, తర్వాత అంచులు, ఆ తర్వాత మొత్తం. అప్పుడది సరుకు కాదు, చక్రాల మీద కూర్చున్న బండరాయి.

ఆ మొదటిసారి జరిగిందదే. పాపకు ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే, ట్యాంకరును వీధి చివర ఆపి ఇంట్లోకి పరిగెత్తాడు. జ్వరం దిగేదాకా పాప మంచం దిగలేదు, ఆయన పాప పక్కనుంచి లేవలేదు. పాప కోలుకుంది గానీ, రేకు చిరిగిన ఆ పాత ట్యాంకరు మాత్రం కోలుకోలేదు. సరుకు కరిగించడానికి ఫ్యాక్టరీ వాళ్ళు రోజుల తరబడి ఆవిరి పట్టాల్సి వచ్చింది. ఓనరు తిట్టిన తిట్లు అక్కడి పావురాలక్కూడా కంఠతా వచ్చి ఉంటాయి. ఉద్యోగం పోయింది. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి, భార్యనూ పాపనూ వెంటబెట్టుకుని బావమరిది పంచన చేరాడు.

పంచన అన్నది మాటవరసకు కాదు, నిజంగా పంచే. వసారాకు ఒక తెర కట్టి, పాత సామాన్ల పక్కన మంచం వేశారు. బావమరిది మంచివాడే. అతని భార్య టీ గ్లాసు బల్ల మీద పెట్టే చప్పుడులో మాత్రం చాలా మాటలు వినిపించేవి. పాప గట్టిగా నవ్వితే తల్లి నోరు మూసేది. నవ్వే పిల్ల నోరు మూస్తుంటే చూడటం గడ్డ బాబాయికి అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

కొన్ని నెలలకు ఓనరు దగ్గర ఒక డ్రైవరు మానేశాడు. ఓనరు పిలిచి, "చూడు, ఇదే ఆఖరు. ఇంకోసారి గడ్డకట్టిందంటే నువ్వెవరో నేనెవరో" అన్నాడు. ఆ మాట భార్యకు చెబితే ఆమె సంతోషించలేదు.

"వెళ్ళిరండి. జీతం చేతికొచ్చాక, ఇల్లు చూశాక, అప్పుడే మమ్మల్ని తీసుకెళ్ళండి. ఒకసారి వెళ్ళి మళ్ళీ మూటలతో ఈ గుమ్మం ఎక్కమంటే మాత్రం నావల్ల కాదు. చచ్చిపోతాను" అంది.

అంత మాట ఆమె ఎప్పుడూ అని ఎరగదు. ఆ మాట చెవిలో పెట్టుకునే ఆయన లోడు ఎక్కించుకున్నాడు.

బయల్దేరాక వాన మొదలైంది. మామూలు వాన కాదు. సగం దారిలో ఒక చిన్న ఊరి దగ్గర కాలువ గట్టు తెగి, ముందున్న రోడ్డు కొట్టుకుపోయింది. వెనకా ముందూ లారీలు. ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు అక్కడే. ట్యాంకు కింద గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమనాల్సింది గోరువెచ్చగా తగిలింది. 

ట్యాంకు లోపల గొట్టాల చుట్ట ఒకటుంటుంది. బయట్నుంచి దానికి ఆవిరి పట్టిస్తే సరుకు మళ్ళీ కరుగుతుంది. కానీ నడిదారిలో ఆవిరి ఎవడిస్తాడు? ఆయన వానలో తడుస్తూ ఊళ్ళోకి నడిచాడు, పొగగొట్టం ఎక్కడైనా కనిపిస్తుందేమోనని. బస్టాండు వెనక ఒకటి కనిపించింది. ఒక సందు, సందు చివర పెద్ద రేకుల షెడ్డు. లోపల దొర్లే డ్రమ్ములు, తెల్ల దుప్పట్ల గుట్టలు, వాటిని మడిచే ఆడవాళ్ళు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. షెడ్డు మధ్యలో మంచం పొడవున్న ఇస్త్రీ రోలరు, దాని దగ్గర చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలిన ఒక నడివయసు ఆవిడ. ఆ లాండ్రీ ఆవిడదే.

"అక్కా, కొంచెం ఆవిరి కావాలి" అన్నాడు.

ఆవిడ ఎగాదిగా చూసింది. "నీళ్ళడిగినవాళ్ళున్నారు, నిప్పడిగినవాళ్ళున్నారు. ఆవిరి అడిగినవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా. ఒంట్లో బాగానే ఉందా?"

సంగతి చెప్పాడు. ట్యాంకరు, గంధకం, ఉద్యోగం. వసారా, తెర, భార్య అన్న మాట మాత్రం చెప్పలేదు. అవి చెబితే నిలబడి మాట్లాడలేడు.

ఆవిడ బాయిలర్ వైపు తిరిగి, "తాతా, ఇస్తే మన పనాగిపోతుందా?" అంది.

బాయిలర్ చూసే తాత చెవి వెనక పెట్టుకున్న బీడీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆగదా మరి? ఉన్నది ఒక్క బాయిలర్. వాడికిస్తే రోలరు చల్లారుద్ది. సాయంత్రానికి ఆసుపత్రికి దుప్పట్లు పోవాలి."

ఆవిడ కాసేపు గడ్డ బాబాయిని చూసింది, కాసేపు దుప్పట్లను చూసింది. "వీడి మొహం చూడు తాతా, ఆ దుప్పట్లకంటే తెల్లగా పాలిపోయింది. ఇచ్చెయ్" అంది.

వెనక లారీలవాళ్ళను బతిమాలి దారి చేయించుకుని, ట్యాంకరును ఆ సందులోకి వెనక్కి తెచ్చేసరికి పక్కింటి చూరు రేకు ఒకటి వంగిపోయింది, పక్కింటాయన ఇంటికప్పంత లేచాడు. ఆయన్ని ఆవిడే సముదాయించింది. బాయిలర్ గొట్టం మూతికీ ట్యాంకరు గొట్టం మూతికీ కొలత కుదరలేదు. తాత ఎక్కడెక్కడివో పాత ఇనప ముక్కలు వెతికి, వాటికి మరలు కోసి, తిట్టుకుంటూ, చివరికి కలిపాడు. ఆవిరి బుసకొడుతూ లోపలికి పోయింది. గడ్డ బాబాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అక్కడే తప్పు చేశాడు. భయం మీద ఉన్న మనిషి, ఎంత వేడైతే అంత మేలనుకున్నాడు. "తాతా, పూర్తిగా తిప్పెయ్" అన్నాడు. తాత తిప్పేశాడు. చాలాసేపయ్యాక గడ్డ బాబాయి పైన మూత తీసి, గాలికి పక్కగా నిలబడి, ఊచ ముంచి చూశాడు. తేనె రంగు లేదు. ముదురు ఎరుపు. ఊచకు బంకలా పట్టుకుని, కిందికి జారనంటోంది. కింద గొట్టం వాల్వు తిప్పితే చుక్క రాలేదు.

 అంత ఆవిరి తాగి కూడా ఇది బిగుసుకుపోయిందంటే ఇక అయిపోయినట్టే. వీధిలో వాననీళ్ళలోనే కూలబడిపోయాడు. కూలబడ్డాక గుర్తొచ్చింది, పని నేర్పిన పెద్ద డ్రైవరు ఎప్పుడో చెప్పింది. ఇది నెయ్యి కాదురా. నెయ్యి ఎంత కాగితే అంత పలచన. ఇది కొంతవరకే పలచన, ఆ హద్దు దాటించి కాచావో, మొండికేసి చిక్కబడుతుంది. అప్పుడు వేడి తగ్గించడం తప్ప వేరే మందు లేదు.

"కట్టెయ్ తాతా, కట్టెయ్!" అని అరిచాడు.

"ఇందాక తెరవమన్నావ్, ఇప్పుడు కట్టమంటావ్. నా బాయిలర్ నీకు ఆటబొమ్మలా ఉందేంట్రా?" అని తాత విసుక్కుంటూనే కట్టేశాడు.

ఇక కాచుకుని కూర్చోవాలి. కూర్చోవడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. వాన వెలిసి ఎండ కాస్తోంది. రోలరు చల్లారిపోయి, మళ్ళీ వేడెక్కించడానికి బొగ్గు చాలక, ఆడవాళ్ళు తడి దుప్పట్లను షెడ్డు పక్క డాబా పైకి మోస్తుంటే, ఆయన కూడా మోశాడు. తాడు కట్టాడు, ఆరేశాడు, గాలికి ఎగిరిపోయినవి ఏరుకొచ్చాడు. కింద ట్యాంకరు మూతలోంచి కుళ్ళిన గుడ్ల వాసన సన్నగా పైకి లేస్తోంది. ఆ వాసనకు అలవాటైన ముక్కు కదా, దాని సంగతి ఆయనకు తట్టనే లేదు.

పొద్దు వాలేసరికి ఊచకు మళ్ళీ తేనె రంగు వచ్చింది. వాల్వు తిప్పితే పలచగా, ధారగా దిగింది. ఆయన ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ పక్కకు తప్పుకుంది. "లే, లే. రోడ్డు బాగు చేశారంట, ముందు బయల్దేరు. మళ్ళీ చల్లారిందంటే ఈసారి నా దగ్గర బొగ్గు లేదు" అంది.

ఫ్యాక్టరీలో లోడు దిగింది. ఉద్యోగం నిలబడింది. జీతం చేతికొచ్చాక రెండు గదుల ఇల్లు చూసి, భార్యనూ పాపనూ తెచ్చుకున్నాడు. "దారిలో ఏమీ ఇబ్బంది కాలేదు కదా?" అని భార్య అడిగితే, "అబ్బే, వెన్నలా జరిగిపోయింది" అన్నాడు. ఆమె అన్న ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. మళ్ళీ ఆ గుమ్మం ఎక్కడానికి ఎంత దగ్గరగా వెళ్ళొచ్చాడో ఆమెకు తెలిస్తే ఇక ఏ రోజూ కంటినిండా నిద్రపోదు.

ఆ నెలలోనే పళ్ళ బుట్ట పట్టుకుని లాండ్రీకి వెళ్ళాడు. డ్రమ్ములు సగం ఊరకే ఉన్నాయి. మడిచే ఆడవాళ్ళు ఇద్దరే ఉన్నారు. ఆవిడ బయటికెళ్ళిందట. తాత చెప్పాడు. ఆవిరిచ్చిన రోజు సాయంత్రం దుప్పట్లు ఆలస్యంగా వెళ్ళాయి, పైగా గంధకం వాసనతో వెళ్ళాయి. ఆసుపత్రివాళ్ళు మొత్తం తిప్పికొట్టి, పని వేరేవాళ్ళకిచ్చేశారు.

బుట్ట అక్కడే పెట్టి గడ్డ బాబాయి గోడకు ఆనుకున్నాడు.  అంతలో ఆవిడ వచ్చింది. "తాత నోట్లో నువ్వుగింజ నానదు కదా! ఆసుపత్రివాళ్ళకు ముక్కెక్కువ, అంతే. నువ్వేం చేస్తావు? పళ్ళు బాగున్నాయి, ఎక్కడ కొన్నావు?" అంది. తిట్టి ఉంటే ఆయనకు తేలికగా ఉండేది.

ఆ రోజు నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. వాసన అడ్డురాని బట్టలు ఎక్కడ దొరుకుతాయి? ఆలోచించగా ఆలోచించగా తట్టింది. తను సరుకు దించే యాసిడ్ ఫ్యాక్టరీలోనే. అక్కడ పనిచేసేవాళ్ళ బట్టలు ఏ లాండ్రీవాడూ ముట్టుకోడు. కుట్లలో దాక్కున్న గంధకం పొడి ఇస్త్రీ వేడికి కరిగి పెట్టెకు అంటుకుంటుంది, తడి తగిలితే గుడ్డను తినేస్తుంది. వెళ్ళి స్టోరు ఆఫీసరు ముందు నిలబడ్డాడు.

"ఉతికేవాళ్ళు దొరికితే ఇస్తాం, కానీ అంత దూరం ఎవరు మోస్తారయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"ఖాళీ ట్యాంకరు అటే కదండీ వెళ్ళేది. నా పక్కసీటు కూడా ఖాళీయే."

మొదటి మూట ఇచ్చినప్పుడు ఆవిడ "జాలి పని నాకొద్దు" అంది. "జాలా? ఒకసారి వాసన చూడక్కా, ఇది జాలిపడి ఇచ్చేదో పగబట్టి ఇచ్చేదో నీకే తెలుస్తుంది" అన్నాడు. ఆవిడ వాసన చూసి, దగ్గి, నవ్వింది. ఆ మొదటి వాయికి రోలరంతా పచ్చగా మరకలు పడ్డాయి. ఆవిడ దాన్ని ఒక పూటంతా గీకింది. తర్వాత తనే ఒక పద్ధతి కుదుర్చుకుంది. ముందు పొడిగా ఉన్నప్పుడే బయట దులపడం, చన్నీళ్ళలో సోడా వేసి జాడించడం, ఆ తర్వాతే వేడినీళ్ళు, అన్నిటికన్నా చివర ఇస్త్రీ. ఏడాది తిరిగేసరికి ఎరువుల ఫ్యాక్టరీ బట్టలొచ్చాయి, టైర్ల ఫ్యాక్టరీ బట్టలొచ్చాయి, రేవులో పచ్చగింజలు ఎత్తేవాళ్ళవి వచ్చాయి. ఆ చుట్టుపక్కల గంధకం ముట్టుకున్న ప్రతివాడి చొక్కా ఆవిడ డ్రమ్ములోనే దొర్లింది. ఆడవాళ్ళందరూ మళ్ళీ పనికొచ్చారు.

గడ్డ బాబాయి మాత్రం మూటలు మొయ్యడం మానలేదు. ఫ్యాక్టరీవాళ్ళు వ్యాను పెడతామన్నా వద్దన్నాడు. పాప బడికెళ్ళినా, మార్కులు తెచ్చుకున్నా, ఆ ఇల్లే సొంతం చేసుకుని ఇంకో గది వేసుకున్నా, ఆయన మనసు ఆ సందులోకి వెళ్ళి ఒక దండం పెట్టి వచ్చేది. ఎవరికీ చెప్పలేదు. భార్య ఆటపట్టించేది. "లారీ డ్రైవరునని చెప్పి పెళ్ళి చేసుకున్నారు. బట్టల మూటలు మోస్తారని ముందే చెబితే ఆలోచించుకునేదాన్ని కదా! ఆ లాండ్రీ ఆవిడ మీకేమవుతుంది?" అనేది. "దారే కదే" అని ఈయన చల్లగా తప్పుకునేవాడు.

అలా పాప పెద్దదై ఉద్యోగంలో చేరింది. ఒక రోజు మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, అలాగే ఉండిపోయాడు. భార్య ఎదురుగా కూర్చుంది.

"ఏమైందండీ?"

"లాండ్రీ అక్కకు మోకాళ్ళు పట్టేశాయట. లాండ్రీని పనివాళ్ళకప్పగించి చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది. వచ్చే వారమే."

"వెళ్తే? దానికి అన్నం మానేస్తారా?"

ఇక దాచలేకపోయాడు. వాన, గట్టు, గోరువెచ్చటి గొట్టం, ఆవిరి, బంకలా మారిన సరుకు, ఆసుపత్రి దుప్పట్లు, మొత్తం చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ భార్య మొహం చూడలేదు. అబద్ధమాడినందుకు ఏడుస్తుందనుకున్నాడు. ఆమె లేచి నిలబడింది.

"ఇన్నేళ్ళా!" అంది.  "ఇన్నేళ్ళు నేను ఆవిడ మీద జోకులేశాను. నా చేత వేయించారు. నా పిల్ల ఈ ఇంట్లో గట్టిగా నవ్వుకుందంటే ఆవిడ పెట్టిన భిక్ష. అలాంటి మనిషికి ఒక్క పూట అన్నం పెట్టుకోనివ్వలేదు నన్ను! దండాలన్నీ మీరొక్కరే పెట్టేసుకుంటారా? నాకు లేదా ఆ హక్కు?"

ఇలాంటి తిట్టు ఆయన జన్మలో తినలేదు. 

మర్నాడు ఆయన లోడు దించి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు కొత్త చెప్పులున్నాయి. లోపల భార్య గొంతు వినిపిస్తోంది. తెల్లారగట్లే బస్సెక్కి వెళ్ళి, లాండ్రీ ఆవిడను తనే వెంటబెట్టుకొచ్చింది. చెయ్యి పట్టుకుని మెల్లగా గది గదీ తిప్పి చూపిస్తోంది.

"ఇది వంటిల్లక్కా. అప్పుడు ఇంకా చిన్నగా ఉండేది. ఇటు రండి, మెట్టుంది, చూసుకోండి. ఇది మా పాప చదువుకున్న గది. ఇదిగో, ఈ గోడ మీద గీతలన్నీ అదే గీసింది. సున్నం వేయించినప్పుడు కూడా ఇక్కడ వెయ్యనివ్వలేదు నేను."

ఆవిడ ఆ గీతల్ని చూసింది. కమిలిన చేత్తో మంచం మీది దుప్పటి అంచు పట్టుకుని, అలవాటు కొద్దీ మడత సరిచేసి, అక్కడే కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ గడ్డ బాబాయి వైపు తిరిగింది.

"ఏం తమ్ముడూ, ఆ రోజు ఉద్యోగం పోతుందన్నావు గానీ, ఇంటి సంగతి చెప్పలేదే?"

"చెబితే ఏడుస్తానని చెప్పలేదక్కా" అన్నాడు. ఇప్పుడు చెప్పి ఏడ్చాడు.

భార్య ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది. "మా ఇల్లు నిలబెట్టబోయి మీ పని పోగొట్టుకున్నారు. ఎలా తీర్చుకోవాలక్కా?"

"ఊరుకోమ్మా. పోయింది మళ్ళీ వచ్చింది కదా" అంది ఆవిడ. మళ్ళీ ఆ గోడ వైపు తిరిగింది. "ఎన్నేళ్ళు ఉతికానో ఆ ఆసుపత్రి దుప్పట్లు. ఎవరు కప్పుకున్నారో, బతికారో లేదో, ఒక్కరి సంగతీ నాకు తెలియలేదు. ఈ ఒక్క పని ఎక్కడికి చేరిందో కళ్ళారా చూశాను. అమ్మాయి ఎప్పుడొస్తుంది?"

"సాయంత్రం వస్తుందక్కా."

"అయితే చూసే వెళ్తాను" అంది ఆవిడ. భార్య కళ్ళు తుడుచుకుని లేచి, అన్నం వడ్డించడానికి వెళ్ళింది.